సుభద్రమ్మ సంపు: కథాస్థలంతో పాత్రను చెప్పడం ఎలా?

నా మొదటి కథలో కథానాయిక మూడుసార్లు ఏడుస్తుంది. మూడుసార్లూ వాన పడుతుంది. ఆ కథను టీ నగర్‌లో ఒక పెద్దాయనకు చూపించాను. ప్రూఫులు దిద్ది దిద్ది కళ్లు అరగదీసుకున్న మనిషి. చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఈ అమ్మాయి ఏడ్చినప్పుడల్లా వాన పడేటట్టయితే మద్రాసుకు నీటి ఎద్దడి ఎందుకొస్తుందయ్యా?" అన్నారు. నాలుగు రోజులు ఆయన మీద కోపంతో తిరిగాను. ఐదో రోజు కథ చించేశాను.

ఆయన అన్నది సరిగ్గా బోధపడడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. ఆ కథలో వాన కూలికి వచ్చి ఏడ్చి వెళ్లిపోయింది. దానికి ఆ అమ్మాయితో పని లేదు, ఆ అమ్మాయికి దానితో పని లేదు. స్థలం పాత్రకు ప్రతీక కావాలంటే ఇద్దరికీ మధ్య ఏదో లావాదేవీ ఉండాలి. పాత్ర ఆ చోట తుడవాలి, దాచాలి, బాగుచేయాలి, లేదా బాగుచేయాల్సినదాన్ని రేపటికి నెట్టాలి. ఆ చేతిగుర్తుల్లోంచి ప్రతీక దానంతటదే పుడుతుంది. కింద చెప్పేదంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది. ఉత్త మాటలతో తేలే విషయం కాదు కనుక ఒక పాత్రను మొదటి నుంచి కట్టుకుంటూ వెళదాం.

మొదటి మెట్టు: ముడి

పాత్రను విశేషణాలతో మొదలుపెట్టకండి. "పిసినారి, మొండి, లోపల మంచి మనిషి" అని రాసుకుంటే ఏ స్థలమూ దొరకదు, లేదా ఏ స్థలమైనా సరిపోతుంది. రెండూ ఒకటే. దాని బదులు మధ్యలో "కానీ" ఉన్న ఒక వాక్యం రాసుకోండి.

మన పాత్ర సుభద్రమ్మ. కథ నడిచేది 2019 వేసవిలో, అప్పటికి ఆమెకు 66 ఏళ్లు. బెజవాడ పక్క పల్లె నుంచి పద్దెనిమిదో ఏట పెళ్లయి మద్రాసు వచ్చింది. భర్త గిండీలో ఒక వర్క్‌షాపులో పనిచేసి పోయాడు. కొడుకు, కోడలు శైలజ, నాలుగేళ్ల మనవడితో జాఫర్‌ఖాన్‌పేటలో సొంత ఇంట్లో ఉంటుంది. ఆమె వాక్యం ఇది: అందరికీ పెట్టాలని ఉంటుంది, కానీ పెడితే అయిపోతుందని భయం.

ఇడ్లీలు లెక్కపెట్టి వడ్డిస్తుంది. కోడలు దాన్ని పిసినారితనం అనుకుంటుంది. కథంతా ఈ అపార్థం చుట్టూ తిరుగుతుంది.

వయసు లెక్క వేస్తే ఆమె పుట్టింది 1953లో అని తేలింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన సంవత్సరం, మద్రాసు మనకు దక్కకుండా పోయిన సంవత్సరం. దాన్ని కథలోకి లాగాలని చేయి దురదపెట్టింది. లాగలేదు. ఆ సంగతితో సుభద్రమ్మకు ఏ రోజూ పని పడలేదు. రచయితకు తెలిసిన చరిత్ర పాత్రకు చుట్టం కాదు.

రెండో మెట్టు: పాత్రకు రోజూ పని ఉన్న చోటు

చెన్నై అనగానే కలం మెరీనాకు పరుగెడుతుంది. ఒంటరి మనిషి, ఎదురుగా అంతులేని సముద్రం. ఎన్ని వందల కథల్లో చదివామో. లేదా బకింగ్‌హామ్ కాలువ. ఒకప్పుడు నెల్లూరు వైపు నుంచి పడవల్లో సరుకులు మోసిన కాలువ నగరంలో ఇప్పుడు రైలు స్తంభాల కింద మురుగై పారుతోంది కనుక దాన్ని "కుళ్లిపోయిన సమాజం" చేసేస్తాం. ఈ రెండు చోట్లా సుభద్రమ్మకు పనేమీ లేదు. పండగకో పబ్బానికో వెళితే వెళుతుంది.

పాత్ర దినచర్య రాసుకోండి: లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా చేతులు ఎక్కడెక్కడ ఆనుతాయి? సుభద్రమ్మకు నేను రాసుకున్నవి వంటింటి గట్టు, దేవుడి గూడు, బట్టలారేసే మేడ, వాకిట్లో సంపు. సంపు దగ్గర కలం ఆగింది.

చెన్నై ఇళ్ల సంగతి తెలియనివారికి: నగరంలో కొళాయి నీళ్లు సన్నగా వస్తాయి, మేడ దాకా ఎక్కలేవు. అందుకని వాకిలి కింద సిమెంటు తొట్టె కట్టి నీళ్లు అందులో పడనిస్తారు. అక్కడి నుంచి మోటారు వేసి పైనున్న ట్యాంకుకు తోడతారు. ఎండాకాలం కొళాయి ఆగితే లారీ నీళ్లు కూడా ఆ తొట్టెలోకే. పైన ఇనుప మూత. ఇంటిల్లిపాదీ దాని మీదే బతుకుతారు, ఎవరూ అందులోకి తొంగిచూడరు. పెద్దావిడ ఒక్కతే రోజూ మూత తీస్తుంది. అయిపోతుందన్న భయానికి ఇంతకంటే సొంత చోటు ఏముంటుంది?

అయితే సంపు ముందు సంపుగా పనిచేయాలి. ప్రతీక అన్న ఊసే తెలియని పాఠకుడు కూడా ఆ సన్నివేశం చదివి "నీళ్లు చాలతాయా?" అని బెంగపడాలి.

మూడో మెట్టు: వెళ్లి చూడటం

ఇంట్లో కూర్చుని ఊహించవద్దు. నేను ఒక స్నేహితుడి ఇంటికి తెల్లవారుజామున వెళ్లాను. వాళ్లావిడ నన్ను చూసి ఏమనుకుందో అడగలేదు. అరగంటలో ఇరవైకి పైగా వివరాలు రాసుకున్నాను. మూత జరిపినప్పుడు ఇనుము సిమెంటును గీరే చప్పుడు, లోపలి నుంచి వచ్చే చల్లటి సున్నపు వాసన, మూత అంచున తుప్పు, నీళ్ల లోతు చూడటానికి గోడకు ఆనించిన వెదురు కర్ర, నీటి మీద తేలే వేపాకు ఒకటి. ఇరవైలో మూడే కథలోకి వెళ్లాయి: చప్పుడు, కర్ర, గోడ. మిగతావి వదులుకోవడం కష్టంగానే ఉంటుంది, ముఖ్యంగా వేపాకు. అందమైన వివరమే, కానీ అది సుభద్రమ్మ చేతికి ఏ పనీ చెప్పదు.

చూడాల్సింది వస్తువులను మాత్రమే అనుకోకండి, ఊరి పంచాంగాన్ని కూడా చూడాలి. మన సాహిత్యంలో వాన ఆషాఢ శ్రావణాల్లో కురుస్తుంది. చెన్నైకి ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్లు పడితే, అందులో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఇక్కడ ఎడతెరిపి లేని ముసురంటే దీపావళి టపాకాయలు తడవడం, కార్తిక దీపం గాలికి ఆరడం. మే నెల ఎండలను "కత్తిరి" అంటారు. ఆ రోజుల్లో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరుగుతుంది, తూర్పు కిటికీ ఉన్న ఇల్లు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. పైగా ఈ ఊళ్లో వాన దుఃఖానికి గుర్తని ఎవరన్నారు? చెరువులు నిండుతున్నాయంటే పేపర్లో మట్టాలు చదివి సంబరపడే ఊరు ఇది. కథానాయిక ఏడుపుకు వాన అద్దెకు తెచ్చిన రోజుల్లో ఈ మాట నాకు తట్టలేదు.

నాలుగో మెట్టు: ఒక్క పేరా రాయడం

ముందు నేను రాసిన చిత్తు చూడండి:

"సుభద్రమ్మ సంపు మూత తీసింది. లోపల చీకటి. తన జీవితంలాగే నీళ్లు అడుగంటిపోయాయి. భారంగా నిట్టూర్చింది."

ఇందులో తప్పు "లాగే" దగ్గర మొదలవుతుంది. ఆ ఒక్క మాటతో రచయిత తెర వెనక నుంచి వచ్చి పాఠకుడి భుజం తట్టి, "గమనించారా, సంపు అంటే జీవితం" అంటాడు. "భారంగా" అన్నది రెండో దెబ్బ. ఇక పాఠకుడికి చేయడానికి ఏమీ మిగల్లేదు. ఇప్పుడు రెండోది:

"నాలుగున్నరకు సుభద్రమ్మ ఇనుప మూతను కాలితో పక్కకు తోసి వెదురు కర్ర లోపలికి దించింది. పైకి తీసి గోడకు నిలబెట్టి, తడి ఎంతవరకు ఉందో అక్కడ సుద్దముక్కతో గీత గీసింది. నిన్నటి గీత కంటే నాలుగు వేళ్లు కింద. రెండు గీతల మధ్య ఖాళీని కాసేపు చూసింది. కొంగు కొస తడి చేసుకుని నిన్నటి గీతను తుడిచేసింది.

'ఎంత ఉంది అత్తయ్యా?' వంటింట్లోంచి శైలజ అడిగింది.

'ఉందిలే.'"

ఇక్కడ సుభద్రమ్మ మనసు గురించి ఒక్క మాట లేదు. అయినా ఆమె తుడిచింది ఏ గీతనో చూడండి. ఇవాళ్టి గీతను తుడిచి ఉంటే తనను తాను మోసం చేసుకునే మనిషి అయ్యేది. నిన్నటిదాన్ని తుడిచింది కనుక ఎంత తగ్గిందో తనకు తెలుసు, మిగతావాళ్లకు తెలియకూడదు. కోడలు పిసినారితనం అనుకున్నది నిజానికి ఒక్కతే మోస్తున్న భయం అని పాఠకుడు పసిగట్టడం మొదలుపెడతాడు. కోడలికి ఇంకా తెలియదు. ఆ తేడాయే కథకు ఇంధనం.

రాసేటప్పుడు నేను పాటించే చిన్న నియమం: స్థలాన్ని వర్ణించే ప్రతి వాక్యంలో క్రియ పాత్రదై ఉండాలి. "సంపు చీకటిగా ఉంది" అనడం కంటే "కర్ర దించింది" అనడం మేలు. వర్ణన నిలబడిపోయిన చోట ప్రతీక కూడా ఎండిపోతుంది.

ఐదో మెట్టు: రెండో మనిషి కళ్లు

అదే చోటును ఇంకొకరితో చూపించండి. శైలజకు సంపు అంటే పిల్లవాడు పడిపోగల గొయ్యి, అందుకే మూత మీద తులసి కుండీ పెడుతుంది. సుభద్రమ్మ రోజూ పొద్దున్నే ఆ కుండీని పక్కకు దించుతుంది, శైలజ మళ్లీ ఎత్తి పెడుతుంది. ఇద్దరూ దాని గురించి ఎన్నడూ మాట్లాడుకోరు. కొడుకుకు సంపు అంటే కరెంటు బిల్లు. ఇంతే చాలు, ఈ మెట్టు మీద ఎక్కువసేపు నిలబడితే కథ సంపు పరిశోధన అయిపోతుంది.

ఆరో మెట్టు: మూడుసార్లు, మూడు రకాలుగా

ప్రతీక ఒకసారి కనిపిస్తే వివరం, ఐదుసార్లు కనిపిస్తే నస. చిన్న కథలో మూడుసార్లు సరిపోతుంది. మొదటిసారి మామూలు పనిలా రావాలి, పాఠకుడు దాటిపోయినా నష్టం లేనట్టు. రెండోసారి దాని వెనక ఉన్నది కొద్దిగా బయటపడాలి. మూడోసారి అదే చోట, అదే వస్తువుతో, పాత్ర ఇదివరకు చేయని పని చేయాలి.

రెండోసారి కోసం నాకు గోడే దారి చూపింది. జాఫర్‌ఖాన్‌పేట అడయారు నది పక్కనే ఉంటుంది. 2015 డిసెంబరు మొదటి వారంలో కుండపోత వాన, చెంబరంబాక్కం చెరువు నుంచి వదిలిన నీళ్లు కలిసి అడయారు పొంగినప్పుడు ఆ చుట్టుపక్కల ఇళ్లు మునిగాయి. నీళ్లు తీశాక గోడల మీద మట్టి గీత మిగిలింది. చాలామంది సున్నం వేసినా కొన్ని ఇళ్లలో ఆ చార మళ్లీ పైకి తేలింది.

అయితే సుభద్రమ్మ గోడ మీద ఆ చార ఎక్కడ ఉంటుంది? ఆమె రొమ్ము ఎత్తున. సుద్ద గీతలు ఎక్కడ ఉంటాయి? దానికి చాలా కింద, రోజురోజుకూ ఇంకా కిందికి. అయిపోతుందని వణికే మనిషి ఇల్లు నాలుగేళ్ల కిందట మునిగిపోయింది. సంపులోకి మురుగు చేరి, ఆమె లెక్కపెట్టి దాచిన నీళ్లన్నీ పారబోయాల్సి వచ్చింది. ఒకే గోడ మీద రెండు గీతలు. ఈ రెంటినీ కథలో పక్కపక్కన పెట్టాను, ఏమీ అనలేదు. మనవడు మాత్రం పైచారను వేలితో చూపించి, "నానమ్మా, ఇక్కడిదాకా ఎప్పుడు నింపావు?" అని అడుగుతాడు. పిల్లవాడి నోట వచ్చింది కనుక చెల్లింది. అదే మాట కొడుకు అంటే నాటకంలా ఉండేది.

మూడోసారి గురించి చాలా తన్నుకున్నాను. 2019 జూన్ నాటికి నగరానికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు దాదాపు ఎండిపోయాయి. లారీ కోసం రోజుల తరబడి ఎదురుచూపు. అలాంటి రోజున పక్కింటావిడ రెండు బిందెలు అడిగితే సుభద్రమ్మ కొలవకుండా ఇచ్చేస్తుందని మొదట రాశాను. చదవడానికి హాయిగా ఉంది. అదే అనుమానం కలిగించింది. మనిషి ఒక్క పూటలో మంచిదైపోయింది, నీతికథ అయింది. అది కొట్టేసి ఇలా మార్చాను: ఒక తెల్లవారుజామున కర్ర అడుగు తగిలి ఠక్కుమంటుంది. సుభద్రమ్మ గీత గీయదు. లోపలికి వెళ్లి శైలజను లేపి, కర్ర చేతికిచ్చి, "నువ్వొకసారి చూడమ్మా" అంటుంది. భయం పోలేదు. దాన్ని మోసే చేతులు రెండు జతలయ్యాయి.

ఏడో మెట్టు: పటం ముందు పెట్టుకుని సరిచూసుకోవడం

ఇది చాలామంది దాటేసే మెట్టు. నా లెక్కలో మాత్రం ఎక్కువ ఫలం దీనిలోనే ఉంది.

సుభద్రమ్మది బెజవాడ పక్క పల్లె. చెన్నైకి తెలుగు గంగ ద్వారా కృష్ణ నీళ్లు వస్తాయి. "ఇవి మా ఊరి నీళ్లే" అని ఆమె చేత అనిపిస్తే ఎంత బాగుంటుందో! రాసేశాను కూడా. తర్వాత పటం తీసి చూస్తే అది నిజం కాదు. ఆ నీళ్లు శ్రీశైలం జలాశయం నుంచి మళ్లి, సోమశిల, కండలేరు మీదుగా పూండికి వస్తాయి. శ్రీశైలం బెజవాడకు ఎగువన ఉంది. అంటే ఇక్కడికి వచ్చినవి ఆమె ఊరిని ఎన్నడూ చూడని నీళ్లు, ఆ ఊరికి చేరకముందే పక్కకు తిరిగినవి.

తప్పు దిద్దుకోబోతే మొదటి ఊహ కంటే పదింతలు మేలైనది చేతికి చిక్కింది. సుభద్రమ్మ కూడా ఇంటర్ రెండో ఏడు చదవకముందే పెళ్లితో పక్కకు తిరిగిన మనిషి. ఇంకో అంకె కూడా ఉంది. తెలుగు గంగ మీద ఆంధ్రప్రదేశ్, తమిళనాడు చేసుకున్న 1983 ఒప్పందం ప్రకారం 15 టీఎంసీలు వదిలితే సరిహద్దు దగ్గర 12 అందాలి, మూడు దారి నష్టం కింద రాసుకున్నారు. ఆవిరైపోయేదాన్ని ముందే లెక్కలో వేసుకోవడం! ఇడ్లీలు లెక్కపెట్టే ఆవిడకు ఈ మాట ఎవరైనా చెబితే ఒక్క క్షణంలో అర్థం చేసుకుంటుంది. కథలో దాన్ని పేపరు చదువుతున్న కొడుకు గట్టిగా చదువుతాడు. సుభద్రమ్మ బియ్యం ఏరుతూ, "మూడేనా?" అంటుంది. అక్కడితో సరి. నీళ్ల దారి, ఆమె దారి ఒకటే అని నేను ఎక్కడా చెప్పలేదు. కొందరు పాఠకులకు అందలేదు. ఫరవాలేదు.

ఎనిమిదో మెట్టు: ఎదురు స్థలం

స్థలం ఎప్పుడూ పాత్రకు పోలికగానే ఉండనక్కరలేదు. ఎదురుగా కూడా ఉండవచ్చు. జార్జ్‌టౌన్‌లో కొత్వాల్ చావడి ఒకప్పుడు నగరానికంతటికీ కూరగాయల బజారు. 1996లో టోకు వ్యాపారం కోయంబేడుకు తరలిపోయింది. అక్కడ మండీ నడిపి, ఇప్పుడు కొడుకు ఫ్లాటులో అణ్ణానగర్‌లో ఉంటున్న ముసలాయన్ను ఊహించండి. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది, అది సరుకు దిగే వేళ కనుక. ఆయన్ను ఖాళీ అయిన పాత మండీలో నిలబెడితే పాఠకుడు ముందే ఊహిస్తాడు. కోయంబేడులో, బస్తాల మధ్య, హమాలీలు "పక్కకు జరుగు తాతా" అని నెట్టుకుంటూ పోయే రద్దీలో నిలబెట్టండి. బజారు బతికే ఉంది, ఆయన లేకుండా. ఆ రద్దీయే ఆయన ఖాళీని చెబుతుంది.

చివరి మెట్టు: రెండు పరీక్షలు

చిత్తు పూర్తయ్యాక వారం పక్కన పెట్టి, పాత్రను మార్చి చూడండి. సుభద్రమ్మ బదులు ఆమె కొడుకును సంపు దగ్గర నిలబెడితే పేరా చెక్కుచెదరకుండా సాగుతోందా? సాగితే ఆ స్థలం ఇంకా ఎవరిదీ కాలేదు. నా పేరాలో కొడుకు కర్ర దించవచ్చు, గీత కూడా గీయవచ్చు. నిన్నటి గీతను మాత్రం తుడవడు. అక్కడ పేరా తెగుతుంది, పరీక్ష నెగ్గినట్టే.

రెండోది ఎర్ర పెన్సిల్ పరీక్ష. "లాగా", "వలె", "అన్నట్టు", "ప్రతిబింబిస్తూ" ఉన్న ప్రతి చోటా చుట్టండి. స్థలాన్ని, మనసును కలిపే ముళ్లు అవి. తీసేసి చదవండి. అర్థం నిలబడితే మళ్లీ పెట్టకండి. నిలబడకపోతే అక్కడ పోలిక తక్కువ కాలేదు, పాత్ర చేయాల్సిన పని తక్కువైంది. నాలుగో మెట్టుకు వెనక్కి వెళ్లండి. నా చిత్తులో అలాంటివి పదకొండు తేలాయి. రెండు ఉంచాను, ఒకటి ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

ముగింపు వాక్యంలో ప్రతీక వస్తువు కనిపిస్తోందేమో కూడా చూసుకోండి. నా కథ మొదట "ఖాళీ సంపులో ఆకాశం కనిపించింది" అని ముగిసింది. ఖాళీ సంపులో ఆకాశం కనిపించదు, సిమెంటు కనిపిస్తుంది. ఇప్పుడు ఆ కథ శైలజ తులసి కుండీని రెండు చేతులతో ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడిన చోట ఆగుతుంది.